శనివారం మ్యాటినీ

నాకు అసూయ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ముఖ్యంగా నేనే అంటే అసలు నమ్మకండి.

అశోక్‌నగర్‌లో మా ఇంట్లో నెలకోసారి, ఆదివారం సాయంత్రం, రాసేవాళ్లం కొందరం కూడతాం. జరిగినదే రాయాలి, కల్పన కూడదు. రాసింది పైకి చదవాలి. అందరి చాయ్ అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఈ నియమాలన్నీ నేను పెట్టినవే. నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేను. ఎత్తుగడ ఎలా ఉండాలి, ఎక్కడ సన్నివేశం కట్టాలి, ఎక్కడ రెండు ముక్కల్లో దాటెయ్యాలి, అన్నీ నూరిపోస్తుంటాను.

ఒక నెల మా అత్తగారి మీద రాశాను. వయసులో ఉన్నప్పుడు ప్రతి శనివారం చిక్కడపల్లి గుడికి నడిచి వెళ్లిన భక్తురాలిగా చూపించాను. తలలో పూలు, కొంగున ప్రసాదం, ముఖంలో ప్రశాంతత. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. చాయ్ అయ్యాక అందరూ బాగుందన్నారు. బర్కత్‌పుర నుంచి వచ్చే ఆమె మాత్రం, "మేడమ్, పెద్దమ్మను అడిగిన్రా?" అంది.

"ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, అడగడం దేనికి?" అన్నాను.

ఆమె నాకంటే బాగా చిన్నది, బ్యాంకులో ఉద్యోగం. రాసేది తక్కువ. వచ్చినప్పుడల్లా ముందు వంటింట్లోకి వెళ్లి, మా అత్తగారి పక్కన చతికిలబడి చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. ఇద్దరిదీ ఒకటే యాస. నేను కోస్తా నుంచి వచ్చిన కోడల్ని. నాతో మాట్లాడేటప్పుడు అత్తగారు ఇప్పటికీ కొంచెం మాట సర్దుకుంటారు. వంటింట్లోంచి నవ్వులు వినబడుతుంటే, హాల్లో నేను సన్నివేశ నిర్మాణం గురించి చెబుతూ ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. కడుపు మండేది.

మరుసటి నెల ఆమె చదివింది. అదీ మా అత్తగారి మీదే. నన్నొక మాట అడగలేదు. అత్తగారిని అడిగిందట, ఆవిడ "రాసుకో బిడ్డా" అన్నారట.

శనివారాలు ఆవిడ గుడికి వెళ్లిన మాట నిజమే. పారాయణం ఉందని ఇంట్లో చెప్పి, దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కొంగున ముడేసుకుని, తోడికోడలితో కలిసి అటునుంచి అటే క్రాస్‌రోడ్స్‌లో మ్యాటినీకి వెళ్లేవారట. ప్రసాదం ఇంట్లో సాక్ష్యానికి. ఒకసారి ఇంటర్వెల్‌లో ఆకలికి ఆగలేక తోడికోడలు అది కాస్తా తినేసింది. సినిమా వదిలేసరికి, మధ్యాహ్నం మూసిన గుడి ఇంకా తియ్యలేదు. దారిలో కిరాణా కొట్లో పటికబెల్లం కొని ముడేసుకెళ్లారు. మా మామగారు దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఆమె చదవడం అక్కడితో ఆపేసింది.

చాయ్ సంగతి మరిచి అందరూ ఒకటే నవ్వు. వంటింటి గడపలో నిలబడి అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నా వ్యాసం చదివిన రోజు ఆవిడ ఇవతలికే రాలేదు.

"ముగింపు తొందరపడింది," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి ఆ ముగింపు ఎంత బాగుందో ఆ గదిలో అందరికంటే నాకే తెలుసు. తెలిసినందుకే ఓర్వలేకపోయాను. వాక్యాలు పోతే పోనీ, మా అత్తగారు మాత్రం నా మనిషి కదా అనిపించింది.

అందరూ వెళ్లాక వంటింట్లోకి వెళ్లి, ఎన్నడూ లేనిది కింద కూర్చుని ఒక చిక్కుడుకాయ అందుకున్నాను.

"ఈ సినిమాల సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకా ఇలాంటివి ఉన్నాయా?"

ఆవిడ నా చేతిలోని కాయ తీసుకుని, నేను వదిలేసిన ఈనె తీసి, గిన్నెలో వేశారు.

"మస్తున్నయ్," అన్నారు. "వచ్చే నెల ఆ పిల్ల వస్తది గద, అప్పుడు చెప్త. నువ్వు గూడ వచ్చి కూసో."