లక్క పోసిన రేడియో

నేను పాఠాలు చెప్పే బడిలో పరీక్షలు అయ్యాక జవాబు పత్రాల కట్టలకు గుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టి, కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ కరిగించి కుట్ల మీద చుక్కలుగా పోసి సీలు వేసే పని ఏటా నాకే అంటగడతారు. నాకంటే చిన్నవాళ్ళు ముగ్గురున్నా సరే, నాకే. మొన్న కూడా అదే జరిగింది. కొంచెం సాంబ్రాణి, కొంచెం మాడిన బెల్లం, కొంచెం కాలిన వెంట్రుక కలిసినట్టుండే ఆ లక్క వాసన ఎప్పుడు ముక్కుకు తగిలినా నాకు ముందు ఆకలేస్తుంది, వెంటనే కోపమొస్తుంది. ఎవరి మీద కోపమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. చాలాకాలం ఒక సావుకారు మీద అనుకున్నాను. తరువాత మా మామ్మ మీదేమో అనిపించింది. ఈ మధ్య నా మీదేనేమోనన్న అనుమానం కూడా వస్తోంది గాని, దాన్ని నేను ఎక్కువసేపు నిలవనివ్వను.

మా ఊరు అరకు సంతకు రెండు కొండల అవతల. అక్కడ వాన మొదలైతే ఆగేది కాదు. మబ్బు గుమ్మంలోంచి ఇంట్లోకి నడిచొచ్చేది, గోడలకు బూజు పట్టేది, ఉప్పు నీరయ్యేది, కప్పుకున్న దుప్పటి పొద్దున లేచేసరికి పిండితే నీళ్ళు వచ్చేలా ఉండేది. ఆ తడి నుంచి తప్పించుకునే చోటు ఇంట్లో ఒక్కటే, పొయ్యి మీద వేలాడే వెదురు అటక. మసి పట్టి నల్లగా నిగనిగలాడే ఆ అటక మీద విత్తనపు చోళ్ళ, అంటే రాగుల, కంకులు, మొక్కజొన్న పొత్తుల జడలు, చిక్కుడు గింజలు పోసి మూతికి మట్టి మెత్తిన ఆనపబుర్రలు, ఎండు చేపలు, కూరకని ఎండబెట్టిన లేత వెదురు కొమ్ములు, అన్నీ పొగ తాగుతూ కూర్చునేవి. వాన దాటి బతకాల్సిన వస్తువేదైనా అటక ఎక్కాల్సిందేనన్నది మా అమ్మ సిద్ధాంతం. పైన విత్తనాలు, కింద ఉడుకుతున్న చోడి అంబలి, మధ్యలో పొగ; నా బాల్యానికి వాసనంటూ ఉంటే అదే.

మామ్మ అంటే మా అయ్యకు తల్లి. ఆమె పుట్టిల్లు ఒడిశా వైపు, ఒకటిన్నర రోజు నడక. ఆమె మాట్లాడేది ఆ కొండల మాట. తెలుగు మాట్లాడితే ఇంట్లో మేమందరం నవ్వేవాళ్ళం, నేనూ నవ్వేదాన్ని. ఏటా చైత్రంలో ఇటుకల పండగకు, మగవాళ్ళు వేటకు పోయి ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి వచ్చేపోయే వాళ్ళను ఏదైనా ఇచ్చేదాకా కదలనివ్వని ఆ రోజుల్లో, మామ్మ ఒక్కతే మూట నెత్తిన పెట్టుకుని పుట్టింటికి నడిచిపోయేది. తిరిగొచ్చేటప్పుడు మూటలో పిప్పళ్ళు, నోట్లో పాటలు తెచ్చుకునేది. ఆ పాటలు నెలరోజులు పాడుకునేది. వాటిలో ఒక్క మాట కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరం అడగలేదు కూడా. ఒక ఏడాది ఆమె మోకాళ్ళు వాచి నడక ఆగిపోయింది. ఆ చైత్రమంతా అరుగు మీద అటువైపు కొండకేసి తిరిగి కూర్చుంది. పుట్టింటి ఊరి పెద్ద ఇంట్లో ఒక రేడియో ఉందనీ, అందులో వాళ్ళ మాట వస్తుందనీ అప్పుడప్పుడూ అనేది. ఆ మాట మా అయ్య మనసులో పడింది.

కాఫీ పళ్ళు అమ్మిన తరువాత అయ్య నన్ను వెంటబెట్టుకుని సంతలో ఉన్న సావుకారు కొట్టుకు వెళ్ళాడు. సావుకారు కింద మైదానం నుంచి వచ్చినవాడు, మా అయ్యకంటే పదేళ్ళు చిన్న, అయినా మా అయ్యను ‘రా’ అనే పిలిచేవాడు. అల్మరాలోంచి ఎర్రటి చిన్న రేడియో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అయ్య దాని పక్కనున్న చక్రం తిప్పబోతే అది కదల్లేదు.

“తిప్పకు, తిరగదు. మీ కొండోళ్ళు తిప్పీసి తిప్పీసి స్టేషను పోగొట్టీసుకుని, పెట్టె సచ్చిపోనాదని నా పీక మీదకొత్తన్నారు. అందుకే లోపల లక్క పోయించీసినాను. నొక్కితే పలుకుద్ది, మళ్ళీ నొక్కితే ఊరుకుంటది. నీకింతకన్నా ఏటి కావాల్రా?” అన్నాడు సావుకారు.

“మా యమ్మ బాస వత్తదా బాబూ?” అని అడిగాడు అయ్య.

“అన్నీ వత్తాయెల్లు.”

ఆ ‘అన్నీ వత్తాయెల్లు’ అన్నప్పుడు అతను మా వైపు చూడలేదు, రేడియో అట్టపెట్టెకు చుట్టిన దారం తెంపుతూ అన్నాడు. నాకిప్పటికీ ఆ తెంపిన చప్పుడు గుర్తు.

రేడియో ఇంటికొచ్చిన రోజు మా వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. అయ్య దాన్ని మామ్మ ఒళ్ళో పెట్టి నొక్కమన్నాడు. నొక్కింది. విశాఖపట్నం నుంచి ఎవరో వరి తెగుళ్ళ గురించి చెప్పారు. మా ఊళ్ళో వరి లేదు, అయినా అందరం విన్నాం. అప్పటిదాకా మామ్మ ఏ యంత్రాన్నీ ముట్టుకుని ఎరగదు, టార్చిలైటు వెలిగించాలన్నా నన్ను పిలిచేది. అలాంటిది దీన్ని ఎవరి సాయం లేకుండా తనే నొక్కి పలికించేది, తనే నొక్కి ఊరుకోబెట్టేది. నొక్కిన ప్రతిసారీ చుట్టూ చూసేది, ఎవరైనా చూశారా అని. అమ్మకు నాటకాలు దొరికాయి. నాకు పాటలు దొరికాయి. మామ్మకు మాత్రం తనవాళ్ళ మాట రాలేదు. పొద్దునా సాయంత్రం పెట్టె చెవి దగ్గర పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేది. రాలేదేమిటని అయ్య బాధపడుతుంటే ఆమే సర్దిచెప్పింది. “సంతలోనైనా మనిసికో వంతుంటాది కదరా. మావోళ్ళ వంతింకా రానేదు.”

రెండు నెలలు వంతు కోసం చూసింది. ఆ తరువాత అయ్య మళ్ళీ రేడియో పట్టుకుని కొట్టుకు వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. చక్రం తిరిగేలా చెయ్యమని అడిగితే, లోపల విప్పితే గ్యారంటీ ఉండదన్నాడు సావుకారు. “ఒడియా కావాలంటే ఒడిసా ఎల్లండి, నా కొట్టుకేటొచ్చినారు?” అని కూడా అన్నాడు. బెంచీ మీద టీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు కాదు, వాళ్ళతోపాటు మా అయ్య కూడా కాస్త నవ్వినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. దారిపొడుగునా ఆయనకు పది అడుగుల ముందు నడిచాను. సావుకారు మాకు సులువు ఎక్కువ ఇచ్చి మోసం చేశాడా, స్టేషన్లు తక్కువ ఇచ్చి మోసం చేశాడా అన్నది అప్పుడూ అర్థం కాలేదు. నిజానికి ఆ పెట్టె అతను చెప్పినట్టే సులువుగానే ఉంది.

ఆ ఏడు వాన బాగా పట్టింది. రేడియో గొంతు మొదట బొంగురుపోయింది, తరువాత కప్పలా అయింది, చివరికి గురగుర తప్ప ఏమీ లేదు. తడి పట్టిందని అమ్మ తేల్చింది. తడి పట్టిన దానికి ఆమె దగ్గరున్న మందు ఒక్కటే. సెల్లులు తీసేసి, పాత గుడ్డ చుట్టి, రేడియోను అటక మీద విత్తనపు ఆనపబుర్రల మధ్య పెట్టి, కింద పనస మొద్దులు రాజేసింది. మూడో రోజు పొద్దున అంబలి కలుపుతుంటే కుండ అంచున గోధుమరంగు చుక్క ఒకటి పడి గట్టిపడింది. ఇల్లంతా ఆ లక్క వాసన. ఆకలితో పొయ్యి ముందు కూర్చున్న నేను దాన్ని గోటితో గీకి నాకి చూశాను కూడా. అటక మీంచి రేడియో దించితే ఒక మూల ప్లాస్టిక్కు కాస్త వంగింది, అంతే. సెల్లులు వేస్తే పలికింది. చక్రం మీద వేలు వేస్తే, తిరిగింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తిప్పుకుంటూ పోయాను. ఈల, గరగర, తమిళమో ఏదో, మళ్ళీ గరగర, ఆ తరువాత మామ్మ మాటలాంటి మాటతో ఒక ఆడగొంతు. మామ్మ మొక్కజొన్న పొత్తులు వలవడం ఆపేసింది. దగ్గరికొచ్చి కాసేపు విని, పెదవి విరిచింది. “ఈళ్ళు మావోళ్ళు కారు. టౌనోళ్ళు.” ఇంత జరిగాక ఆ మాట అనేసరికి నాకు ఏడుపొచ్చింది. కాని మర్నాడు సాయంత్రం కూడా పెట్టమంది, ఆ మర్నాడూ పెట్టమంది, వారం తిరక్కుండానే ఒక సాయంత్రం అందులోంచి డప్పూ సన్నాయీ కలిసిన పాట ఒకటి వచ్చింది. మామ్మ పాడడం మొదలుపెట్టింది. రేడియోతో కలిసి కాదు, రేడియోకంటే ఒక చరణం ముందు. వెనక వస్తున్నవాళ్ళు దారి తప్పకుండా చూసుకుంటున్నట్టు ఆగి, విని, మళ్ళీ ముందుకు పోయింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి నిలబడింది. ఆ సాయంత్రం ఆమె తెలుగును ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

కాని అన్నీ చిక్కులే. అమ్మకు నాటకం పోయింది. మామ్మ వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. చక్రం వెంట్రుకవాసి ఎక్కువ తిరిగినా ఆ స్టేషను జారిపోయేది. ప్రతి సాయంత్రం ఆట మధ్యలో నన్ను కేకేసేది. నేను వెళ్ళేదాన్ని, ఒక్కోసారి కావాలనే ఆలస్యంగా వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆమె పెట్టెను నా ఒళ్ళో పడేసింది. “నొక్కడమైతే నాకొచ్చును. ఇదిప్పుడు నీ సేతిలోకెల్లిపోనాది గుంటా,” అంది. పెట్టె తెరుచుకున్నందుకు సంతోషించాలో, ఆమె చెయ్యి మూసుకుపోయినందుకు బాధపడాలో ఆ వయసులో నాకేం తెలుస్తుంది? ఈ వయసులో మాత్రం తెలిసిందా?

ఇంతలో నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. నేను లేకపోతే మామ్మకు పాట వెతికిపెట్టేది ఎవరు? అమ్మకు ఆ చక్రమంటేనే విసుగు, అయ్య పొద్దుగూకేదాకా పోడులోనే ఉండేవాడు. నేను బాగా ఆలోచించాను. మా ఇళ్ళల్లో కత్తులకూ కొడవళ్ళకూ పిడి ఊడకుండా లక్క పోసి బిగించుకోవడం అందరికీ వచ్చిన పని. అయ్య దగ్గర ఎప్పుడూ ఒక ముద్ద ఉండేది. బయలుదేరే ముందు సాయంత్రం ఆ స్టేషను సరిగ్గా కుదిర్చి, వెనక మూత కొడవలి మొనతో విప్పి, చక్రం మొదట్లో లక్క కరిగించి పోశాను. చల్లారాక కదిపి చూశాను, కదల్లేదు. పెట్టె మామ్మ చేతికిచ్చాను. “ఇంక నొక్కితే సాలు మామ్మా. తికమకుండదు.” ఆమె నొక్కింది, పాట వచ్చింది. ఆమె చక్రం మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కి చూసింది.

చిక్కుళ్ళ కొత్త పండగకు ఇంటికొచ్చాను. కొత్త పంటను దేవతకు చూపించాకే నోట్లో పెట్టుకునే పండగ అది. వలిసె పూసి కొండవాలు మొత్తం పసుపు ఆరబోసినట్టుంది, ఇంటింటా చిక్కుడు గింజలు ఉడుకుతున్న వాసన. వీధి మొదట్లోకి రాగానే మా అరుగు మీంచి గరగర, ఈలలు, ఎవరివో తెగిపోయిన మాటలు వినబడ్డాయి. మామ్మ రేడియో ఒళ్ళో పెట్టుకుని చక్రం తిప్పుతోంది. పక్కన నేల మీద కత్తి, గీకిన లక్క పొట్టు.

“ఎవలు గీకీసినారు?”

“నానే.”

“నీ పాటలొత్తన్నాయి కదే?”

“ఒచ్చినాయి. రోజూ ఒచ్చినాయి. అవతలకేటున్నాదో సూడొద్దేటి?”

“మరి నీ స్టేషను మళ్ళీ దొరికినాదా?”

“దొరకనేదు,” అని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. పెట్టె లాక్కుని, తిప్పి, ఒక్క క్షణంలో స్టేషను పట్టి ఆమె ముందు పెట్టాను. కాసేపు మర్యాదకన్నట్టు విని, మళ్ళీ తిప్పేసింది. ఆమె కోసం అంత కష్టపడి చేసిన పనిని కత్తితో గీకి పారేసిందన్న అవమానంతో నేను పండగ రోజు అందరితో కూర్చుని తినలేదు. ‘నొక్కితే సాలు’ అని నేనన్నదీ, కొట్లో సావుకారు అన్నదీ ఒకటే మాటని నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు. తట్టాక కూడా ఒప్పుకోవాలనిపించలేదు. అతను అమ్ముకోవడానికి చేశాడు, నేను ప్రేమతో చేశాను. లక్కకు ఆ తేడా తెలియదనుకోండి.

మరుసటి వానల్లో, నేను బడిలో ఉండగానే మామ్మ పోయింది. ఆ తరువాతెప్పుడో అమ్మ చెప్పింది. కొన్ని సాయంత్రాలు స్టేషను దొరికేదట, చాలా సాయంత్రాలు దొరికేది కాదట. దొరికిన రోజున మాత్రం వీధిలో అందరినీ కేకేసి పిలిచేదట. నేను పట్టిచ్చిన రోజుల్లో ఆమె ఎవరినీ పిలవలేదు.

ఇప్పుడు మా ఇంటికి శ్లాబు పడింది, పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, పొగ లేదు గనక అటకా లేదు. విత్తనాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఆ రేడియోను మా తమ్ముడు అయస్కాంతం కోసం విప్పేశాడు, ఆ సంగతి వాడికి ఇప్పటికీ గుర్తుచేస్తుంటాను. కిందటేడు వాడి కూతురు నాకో ఫోను కొనిచ్చి, “నీకు కన్ఫ్యూజన్ లేకుండా సెట్ చేసేసేనత్తా,” అని అయిదు పెద్దపెద్ద బొమ్మలు తప్ప మిగతావన్నీ దాచేసింది. నేను ఊరుకోలేదు. అరకు వెళ్ళి, షాపులో ఉన్న అబ్బాయితో గొడవపడి అన్నీ తెరిపించుకున్నాను. మూడు రోజులు ఎవరికీ ఫోను చెయ్యలేకపోయాను. ఎవరైనా చేసినా ఎటు జరిపి ఎత్తాలో తెలియలేదు. నాలుగో రోజు మేనకోడలి దగ్గరికే వెళ్ళాల్సివచ్చింది. అది ఒక్క మాట అనలేదు, అందుకు దాని మీద ఇంకా కోపంగానే ఉంది.

అందులో ప్రపంచంలోని పాటలన్నీ ఉంటాయట. మామ్మ రేడియోకంటే ముందు పాడిన పాట వెతుకుదామని ఒకరోజు కూర్చున్నాను. రాగం ఇప్పటికీ నా గొంతులో ఉంది. ఏ మాట రాసి వెతకాలో తెలియలేదు. మేనకోడలు మైకు గుర్తు చూపించి, “పాడత్తా, అదే పట్టుకుంటాది,” అంది. మూడుసార్లు పాడాను. మూడుసార్లూ ఏవో వేరే పాటలు చూపించింది. ఒకసారైతే పెళ్ళి బ్యాండు.

“మాటల్తో పాడితే దొరుకుద్దేమో. ఏ బాసత్తా అది?” అని అడిగింది.

మీ ముత్తవ్వ భాష అన్నాను. అది ఫోనులో భాషల జాబితా తెరిచి, పై నుంచి కింద దాకా వేలితో జరుపుతూ, “పేరు సెప్పు మరి,” అంది.

నాకు తెలియదు. ఒడియా అన్నది సావుకారే గాని మామ్మ కాదు. మామ్మ మాట్లాడే మాటకు ఒక పేరుంటుందని మా ఇంట్లో ఎప్పుడూ ఎవరం అనుకోలేదు.