వన్‌వే ఎత్తేసిన బజారు

నిన్న పొద్దున పిల్లల్ని బడికి తీసుకెళ్తూ బజారు రోడ్డు సగం దాటాక, ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండే ఎడమ పక్కనుంచి హారన్ వినిపించింది. నా చేయి పట్టుకున్న బాబు ఆగాడు గానీ, రెండడుగులు ముందున్న పాప ఆగలేదు. మెడ కుడివైపే తిప్పుకొని నడుస్తోంది. ఆటో దాని బ్యాగును ఒరుసుకుంటూ ఆగింది.

"ఏందక్కా, బోర్డు సూడలేదా? మొన్నటి సంది రెండు దిక్కుల నడుస్తున్నయి గదా!" అన్నాడు ఆటో అతను.

బోర్డు చూశాను. చూసి సంతోషించాను కూడా. నిజామాబాద్ నడిబొడ్డున నడిచేవాళ్ల కోసం వన్‌వే ఎత్తేసి, రోడ్డు సన్నం చేసి, రెండు పక్కలా వెడల్పాటి ఫుట్‌పాత్ వేస్తున్నారని, ఇక బండ్ల వేగం తగ్గుతుందని ఇంట్లో అందరికీ నేనే విడమరిచి చెప్పాను. ఇంత తెలిసినా నా మెడ ఎడమకు తిరగలేదు.

నా చిన్నతనంలో కూడా ఈ రోడ్డు మీద బండ్లు రెండు దిక్కులా నడిచేవి. చుట్టిన బీడీల గంప నెత్తిన పెట్టుకుని అవ్వ కార్ఖానాకు పోతుంటే, నేను ఆమె కొంగు పట్టుకుని వెంట నడిచేదాన్ని. రిక్షాలు, సైకిళ్లు, చలికాలంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లు, అన్నీ ఒకదానికొకటి అడ్డం పడుతూ ఎంత మెల్లగా కదిలేవంటే, అవ్వ ఎటూ చూడకుండానే చేయి అడ్డం పెట్టి దిగేది. ట్రాక్టరు నడిపేవాడు విసుక్కుంటే, "ఆగు కొడుకా, నీ చెరుకు చేదయితదా ఏంది!" అని నవ్వేది, వాడూ నవ్వి, ఒక గడ విరిచి నా చేతికిచ్చిన రోజులున్నాయి. తర్వాత వన్‌వే వచ్చింది, వేగం వచ్చింది, చెరుకు ట్రాక్టర్లు లేకుండా పోయాయి. చేయి అడ్డం పెడితే ఆగే బండి లేదు. అందుకే మేమంతా ఒక్క దిక్కే చూసి, సందు దొరకగానే పరుగెత్తడం నేర్చుకున్నాం. పిల్లలకూ అదే నేర్పాం. బడికి పోయేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ. అన్నం ముద్దలు తినిపిస్తూ చెప్పిన పాఠం అది.

నిన్న పాపను ఫుట్‌పాత్ మీదికి లాగి కూర్చోబెడితే, గాజుల దుకాణం పెద్దమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. "నేను గూడ మొన్న గట్లనే దిగిన బిడ్డా. గీ బజార్ల అందరి మెడలు ఒక్క దిక్కే తిరిగి బిగుసుకున్నయి. ఎవలో ఒకలు పోయేదాక సక్కగ గావు," అంది. ఆ మాట విన్నాక అక్కడే నిలబడి చూశాను. కొత్త తెల్లచారల మీద ఒక ముసలాయన, ఇద్దరు కాలేజీ పిల్లలు, చంకలో బిడ్డతో ఒకామె, అందరూ కుడివైపే చూస్తూ దిగుతున్నారు. ఎడమ నుంచి బండ్లు వస్తూనే ఉన్నాయి.

రోడ్డు మంచిగానే మారుతోంది. కొన్నాళ్లకు అవ్వ నడిచినంత నిబ్బరంగా మేమూ నడుస్తామేమో. ఆ కొన్నాళ్లు ఎలా గడుస్తాయన్నదే నా భయం. ముప్పై దాటిన నా మెడను నేను నమ్మలేను. పిల్లల మెడలు ఇంకా లేతవి.

ఈ పొద్దున ఫుట్‌పాత్ అంచున ఆగి ఇద్దరికీ చెప్పాను: "ఇయ్యాల నేను మిమ్మల్ని దాటియ్యను. మీరే నన్ను దాటియ్యాలె. తమ్ముడు కుడి దిక్కు చూస్తడు, నువ్వు ఎడమ దిక్కు చూడు. ఇద్దరు రమ్మంటేనే నేను కాలు కింద పెడుత."