రిటైర్ అన్న మాట

"పాపకు యాడ తగిలిందే?"

"ఎవురికీ ఏం తగల్లే. గమ్మున పండుకో."

నేనూ మా ఆయనా మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. కర్నూలు ఆసుపత్రిలో. పొద్దెక్కకముందే ఆయన పోయాడు.

ఆయన ఒక క్లబ్బులో టెన్నిస్ కోర్టు చూసుకునేవాడు. ఎర్రమట్టికి నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేవాడు. మా కూతురు ఆ గీతల మధ్యనే బ్యాటు పట్టింది. తర్వాత ఆటే బతుకుగా దేశాలు తిరిగింది. ప్రతి సోమవారం దాని పేరు పక్కన ర్యాంకని ఒక అంకె మారేది. అంకె తగ్గితే ఆయన నవ్వేవాడు. తగ్గితే నవ్వుతాడేమిటని నాకు శానా ఏళ్లు తెలియలేదు.

ఆ రోజు దానికి ఏదో దేశంలో ఆట. వస్తానంటే, ఆడినాకనే రమ్మని ఆయనే ఆపాడు. ఆట ఏమైందో ఫోనులో చూడమన్నాడు. నాకు చదువు రాదు. పక్క మంచం దగ్గరున్నామెకు చూపించాను.

"రిటైర్డ్ అని ఉండాదక్కా," అంది.

రిటైర్ అంటే ఉద్యోగం అయిపోయి మెడలో దండ వేసి ఇంటికి పంపేదే కదా. ఆ రిటైర్డ్ మాటే ఆయనకు చెప్పాను. ఆయన లేవబోయాడు, యాడ తగిలిందని అడిగాడు. జ్వరానికి ఏదో పలవరిస్తున్నాడనుకున్నాను.

ఆయన పోయిన గంటకు అది ఫోను చేసింది.

"మీ నాయన సస్తాంటే ఆట ఇడ్సిపెట్టినావంట గదే. ఆ మాట ఇనే పాయె. ఇంగ సంబరమా నీకు?" అన్నాను.

అది ఫోను పెట్టేసింది. మోకాలికి కట్టుతో వచ్చింది, పదకొండో రోజు కాగానే వెళ్లిపోయింది. కాలు బాగైనా బ్యాటు ముట్టలేదు. నా ఫోను ఎత్తదు.

మొన్న కోడుమూరు నుంచి నా ఆడబిడ్డ కూతురు వచ్చింది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ పిల్లే. "ఆటలో రిటైరంటే దెబ్బ తగిలి నడమ ఆపేది అత్తా. మామకు తెల్దా? అందుకే అడిగినాడు," అంది. నేను గోడకు తల కొట్టుకున్నాను.

పాపా, మీ నాయన నువ్వు ఆట వదిలావనుకుని పోలేదు. నీ దెబ్బ గురించి అడుగుతూ పోయాడు. జవాబు చెప్పనిది నేను. నా మీది కోపం నా మీదే ఉంచు, కోర్టులోకి పో.

చాలు తల్లీ, ఇంక రాయొద్దు. మొదటి నుంచి చదివి వినిపించు. నేను తిట్టింది మెత్తగా మార్చి రాశావేమో వినాలి. మారిస్తే అది నమ్మదు.