గాజుతొట్టిలో నీటివాలు

"ఆ చేప ఈదుతోందా, కొట్టుకుపోతోందా?"

రిబ్కమ్మ మొగుణ్ణి అడిగిన ప్రశ్న ఇది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన జయకర్ ఫోనులో ఒక వీడియో పెట్టి, ఎలా ఉందో చూడమన్నాడు. ఆమె కుట్టుమిషను చక్రం మీది చెయ్యి తియ్యకుండానే తల తిప్పి చూసింది. వీడియోలో నీళ్ళు తళతళలాడుతున్నాయి. రాళ్ళ మీద మెత్తటి పగడాలు గాలికి వరిచేనులా ఒకే వైపు వంగి ఉన్నాయి. నారింజరంగు ఒంటికి తెల్ల పట్టీలున్న చిన్న చేప ఒకటి రాయి చాటునుంచి బయటికొచ్చి, తోక ఆడించి ఆడించి, మళ్ళీ వెనక్కే పోయింది.

"ఈదుతోంది," అన్నాడు జయకర్.

"ముందుకి పోతే కదయ్యా ఈదడం," అని రిబ్కమ్మ మళ్ళీ జాకెట్టు కుట్టులో పడింది.

జయకర్‌కి కోపం వచ్చింది. నీళ్ళ సంగతి తనకి ఒకరు చెప్పడమేంటి? ఇరవై ఆరేళ్ళుగా నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల్లో నీళ్ళని నడిపిస్తున్నది తను. బోరు మోటారు కాలిపోతే చుట్టేదీ, డ్రిప్పు పైపులు వేసేదీ, వాటిని ఏటా కడిగి సరిచేసేదీ తనే. తండ్రి సువర్ణరాజు ఇవే తోటల్లో చెట్ల చుట్టూ పాదులు తవ్విన కూలీ. ఆయన గునపంతో చేసిన పనిని కొడుకు పైపులతో చేస్తున్నాడు, కూలి కాస్త మెరుగు, ఎండ మాత్రం అదే. ఇలాంటివాణ్ణి చదువు రాని మేధావి అని రాయడం మన పత్రికలకి మహా ఇష్టం. జయకర్‌కి చదువు వచ్చు. ఐటీఐ సర్టిఫికెట్టు షాపులో గోడకి ఫ్రేము కట్టి ఉంది, దాని మీద దుమ్ము కూడా ఉంది.

అతని పేరు నిలబడ్డది ఒక్క అలవాటు మీద. మిగతా ఫిట్టర్లు మోటారు దగ్గర నిలబడి ప్రెషరు చూసి డబ్బు అడుగుతారు. జయకర్ చివరి చెట్టు దాకా నడిచి వెళ్ళి, దాని మొదట్లో మన్ను చేత్తో పిసికి చూస్తాడు. తడి ఉంటేనే పని అయినట్టు. తడి లేకపోతే పైపు ఎక్కడైనా మూసుకుపోయి ఉండాలి, మధ్యలో కారుతూ ఉండాలి, ఈ రెండూ కాకపోతే ప్రెషరు చాలక అయ్యుండాలి. అప్పుడు ప్రెషరు పెంచడమే. అతని శాస్త్రమంతా ఇంతే, పాతికేళ్ళలో అది అతన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

చేపల తొట్టి దగ్గరికి కూడా అతను ఆ శాస్త్రంతోనే వెళ్ళాడు.

తొట్టి సత్యనారాయణమూర్తి గారింట్లోది. ఆయన నూజివీడులో మామిడికాయల కమీషను వ్యాపారి. రెడ్డిగూడెం దగ్గర ముప్ఫై రెండెకరాల తోట కూడా ఉంది. ఆ తోట పైపుల పనే జయకర్‌కి ఏడాది సంపాదనలో సగం. మూర్తి గారి కోడలు పూజిత ఇంట్లో కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. తన జీతంతో నాలుగడుగుల గాజుతొట్టి తెప్పించి, హాల్లో ఒక గోడకి చిన్న సముద్రం పెట్టుకుంది. శుద్ధి చేసిన నీళ్ళలో ప్యాకెట్టు ఉప్పు కొలిచి కలిపితే అదే సముద్రం. అందులో రాళ్ళు, పగడాలు, క్లౌన్ చేపలు ఒక జంట, ఆ జంట ఒళ్ళో దూరి పడుకోవడానికి ఒక ఎనిమోన్. ఎనిమోన్ చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. పాదంతో రాయిని పట్టుకుని వేళ్ళలాంటి రేకులు ఆడిస్తూ ఉంటుంది. తొట్టి బిగించిన విజయవాడ షాపువాడు డబ్బు ముట్టాక ఫోను ఎత్తడం మానేశాడు.

జనవరిలో మామిడి పూత మీద ఉంటుంది, అప్పుడు తోటలకి నీళ్ళు పెట్టరు. జయకర్ ఖాళీ. పూజిత కబురు చేసింది.

"సముద్రానికి కూడా మోటారేనా అమ్మా?" అన్నాడు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి.

"మోటారేనండి జయకర్ గారూ. ఇవి రెండూ నీళ్ళని కదిలించే పంపులు. చూడండి, ఎడం పక్క వెనక మూల ఇసుక మీద మట్టి పేరుకుంటోంది. అక్కడికి నీళ్ళ కదలిక రావట్లేదు. అలా ఉండకూడదని వీడియోల్లో చెప్తున్నారు."

జయకర్‌కి ఆ మూల చివరి చెట్టులా కనిపించింది. పంపులు విప్పి చూశాడు, ఎక్కడా మూసుకుపోలేదు. ఇక మిగిలింది ప్రెషరు. ఇంతలో మూర్తి గారు మజ్జిగ గ్లాసుతో వచ్చి, తన మాట కూడా కలిపారు.

"చిన్నవి రెండు ఎందుకయ్యా జయకరూ, పెద్దది ఒకటి పడెయ్. మన బోరుకి ఐదు హెచ్‌పీ చాలదంటే ఏడున్నర వెయ్యలేదూ? మళ్ళీ మళ్ళీ పిలిచే పని ఉండదు."

"తోటైనా తొట్టయినా నీళ్ళు నీళ్ళే కదండీ," అన్నాడు జయకర్. పెద్ద పంపు వచ్చింది. కుడి గోడకి బిగించి, తిన్నగా ఎడం మూలకి గురిపెట్టాడు. గంటలో మూలంతా అద్దంలా అయింది. పూజిత సంతోషించింది, మూర్తి గారు తన సలహాకి తానే సంతోషించారు. జయకర్ వీడియో తీసుకున్నాడు. రిబ్కమ్మ అడిగిన ప్రశ్న ఆ వీడియో చూసే. దానికి అతను జవాబు చెప్పాననే అనుకున్నాడు.

జవాబు ఐదో రోజు పొద్దున్న వచ్చింది. ఎనిమోన్ రాయిని వదిలేసింది. ఉన్నచోటు నచ్చకపోతే అది పాదం ఎత్తి వేరేచోటికి పోతుంది. అప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఆ ధారలో తొట్టి అంతా తిరిగి తిరిగి పంపు జాలీకి చేరింది. పంపు దాన్ని లోపలికి లాగి తురిమేసింది. పూజిత నిద్రలేచి వచ్చేసరికి తొట్టిలో నీళ్ళు కలిపిన పాలు.

జయకర్ వచ్చి, పూజితతో కలిసి సగం నీళ్ళు బకెట్లతో తోడి, డ్రమ్ములో కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్ళు పోశాడు. మిగతా సగం మరునాడు. చేపలు బతికాయి. కానీ రాయి వెనక ఇరుక్కుని బయటికి రావు, తినవు. వేసిన మేత స్టాపులో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా వాటి ముందునుంచి పోతుంది. పెద్ద చేప నోరు తెరిచేలోపు అది అవతలి గోడ దగ్గరుంటుంది.

మూర్తి గారు అరుగు మీద కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ అన్నారు.

"పిందె పడగానే నీళ్ళు పెట్టాలి. ఈ ఏడు తోట పైపులు చింతలపూడి వాళ్ళకి చెబుదామనుకుంటున్నానయ్యా."

"చేపల పంపుకీ తోట పైపుకీ సంబంధమేంటండీ?"

"రెండు చోట్లా నీళ్ళే కదా. నువ్వే అన్నావు."

అది నిజమే, అన్నది తనే. జయకర్ కాసేపు చెప్పు కొసతో నేల గీకాడు.

"పది రోజులు టైమివ్వండి. పంపులు తిరుగుతుండగా ఆ రెండూ మేత తినాలి. తినకపోతే మీ ఇష్టం, నేను తోట గడప తొక్కను."

"పంపులు ఆపి మేత వేస్తే తింటాయేమో మామయ్యగారూ," అంది పూజిత లోపల్నుంచి.

"ఆపి కాదమ్మా. తుఫాను ఆపి భోజనానికి రమ్మనడం పెద్ద గొప్పా?" అన్నాడు జయకర్. పౌరుషం ఎక్కువైతే మనిషి తన పనిని తానే కష్టం చేసుకుంటాడు. అయినా ఈ షరతు పెట్టుకోవడంలో న్యాయం ఉంది. పగడాలకి నీటి కదలిక కావాలి, వాటి తిండి వచ్చేదీ చెత్త పోయేదీ దానితోనే. కదలిక ఆపేస్తే పగడాలు చస్తాయి, ఉంచితే చేపలు పస్తుంటాయి. రెండింటికీ ఒకే తొట్టిలో సరిపడాలి.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి భార్యని ఎర్రదారం అడిగాడు.

"దేనికి?"

"చేపలకి."

"జాకెట్లు కుట్టిస్తావా? పండగ రేటు అవుద్ది," అని రిబ్కమ్మ నవ్వి, దారం ఉండ విసిరింది. తన ప్రశ్న నిజమైందని మాత్రం అనలేదు. అనకపోవడం ఎక్కువ గుచ్చుకుంది.

సన్నటి డ్రిప్పు పైపు ముక్కకి బెత్తెడు బెత్తెడు దూరంలో ఎర్రదారం పోగులు కట్టాడు. పెద్ద పంపు పీకేసి, పాతవి రెండూ మళ్ళీ బిగించాడు. పైపు ముక్కని నీళ్ళలో నిలబెట్టి, పోగులు ఎటు లేస్తున్నాయో చూసి నోటుపుస్తకంలో బాణం గుర్తులు వేసుకున్నాడు. జానెడు జరిపి మళ్ళీ చూశాడు. తొట్టి మొత్తం ఇలా చూడ్డానికి రెండు రోజులు పట్టింది. తోటలో నీళ్ళు పైపులోంచి వెళ్ళి మట్టిలో ఇంకిపోతాయి, వెనక్కి రావు. ఇక్కడ గాజుకి కొట్టుకుని అడుగునుంచి వెనక్కి వస్తున్నాయి, రాయికి తగిలి రెండుగా చీలుతున్నాయి. పైన కుడికి పోయే పోగు, అడుగున ఎడమకి పోతోంది. పాతికేళ్ళు నీళ్ళతో బతికినవాడికి ఇది చూస్తే కాస్త సిగ్గేసింది. తనకి తెలిసింది నీళ్ళు కాదు, పైపులు.

మూడో రోజు, ఎప్పుడో అడగాల్సిన మాట అడిగాడు.

"ఈ పంపు మార్చకముందు ఇవి ఎక్కడ ఉండేవమ్మా?"

"ఎక్కడేంటండీ, ఆ మూలే. ఎనిమోన్ రాయి కూడా అక్కడే కదా. రాత్రి అక్కడే పడుకునేవి, పొద్దున అక్కడే తినేవి."

"మట్టి పేరుకున్న మూలా?"

ఇద్దరూ ఆ మూలకేసి చూశారు. అద్దంలా శుభ్రంగా ఉంది. ఇద్దరూ కలిసి శుభ్రం చేసింది ఆ చేపల ఇల్లే.

తోటలో నీరు అందని చోటు తప్పు. అక్కడ ఒక చెట్టు ఎండుతుంది, ఒక రైతు నష్టపోతాడు. కాబట్టి నీరు నెమ్మదించిన చోటు ఎక్కడ కనిపించినా జయకర్ చెయ్యి స్పానరు మీదికి పోయేది. ఈ చేపలు పెద్ద ఈతగాళ్ళు కావు. రెక్కలు అల్లాడిస్తూ ఉన్నచోటనే తచ్చాడే జాతి. వాటికి అందరిలా నీళ్ళు కావాలి, నీళ్ళు తోసెయ్యని ఒక మూల కూడా కావాలి.

మిగిలిన రోజులు అంగుళాల్లో గడిచాయి. ఒక పంపుని ఎదురు గాజు పైభాగానికి గురిపెట్టాడు, ధార అక్కడ పగిలి, పడే వేగం తగ్గి నాలుగు వైపులా పరుచుకుంది. రెండోదాన్ని దానికి ఎదురు తిప్పి, ఒకటి తిరిగినప్పుడు ఇంకొకటి నెమ్మదించేలా టైమరు పెట్టాడు. పగడాలు ఒకే వైపు వంగి ఉండటం మానేసి అటూ ఇటూ ఊగాయి. ఎడం మూలకి ముందు ఒక రాయిని అడ్డంగా జరిపించాడు. తోటలో పైపుకి రాయి అడ్డం పెడితే తనే తిట్టేవాడు. రాయి వెనక పెట్టిన దారం పోగు బద్ధకంగా వేలాడింది. మరీ చచ్చుగా వేలాడితే రాయిని వేలెడు జరిపాడు. ఇలా ఎన్నిసార్లు జరిపాడో పూజిత లెక్కపెట్టి, పదిహేడు దాటాక మానేసింది.

ఎనిమిదో రోజు పెద్ద చేప మూలకి వచ్చింది. అది ఆడది, ఈ జాతిలో పెద్దది ఆడదే, దాని వెనక చిన్నది మగది. పూజిత ఈ సంగతి చెప్పినప్పుడు మూర్తి గారు, "తొట్టిలో కూడా మా ఇల్లేనా," అని లోపలికి వినబడేలా అన్నారు. లోపల్నుంచి ఆయన భార్య కల్యాణి, "మీకు మేత కూడా టైముకే వేస్తున్నాం," అంది.

పదో రోజు పొద్దున మూర్తి గారు ఫోను పక్కన పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పంపులు తిరుగుతున్నాయి. పూజిత చిటికెడు మేత వేసింది. రేణువులు పైన ఒక చుట్టు తిరిగాయి. కొన్ని పగడాల మీద రాలాయి, కొన్ని అడ్డంపెట్టిన రాయి దాటి నెమ్మదించి మూలలోకి దిగాయి. జయకర్ మేత చూడట్లేదు, దారం పోగు చూస్తున్నాడు. పెద్ద చేప ఒళ్ళు అల్లాడిస్తూ ముందుకి వచ్చింది. ఒక రేణువు తీసుకుంది. ఇంకొకటి. చిన్నది వెనకనుంచి దూరి మూడోది దాని నోటి దగ్గర్నుంచే లాక్కుంది.

"సరే," అన్నారు మూర్తి గారు కుర్చీలోంచి లేస్తూ. "పిందె పడుతోంది. సోమవారం తోటకి వచ్చి పైపులు కడుగు."

పొగడ్త అంతే. ఇంటికి వెళ్ళి జయకర్ కొత్త వీడియో చూపించాడు. రిబ్కమ్మ ఈసారి మిషను ఆపి చూసింది. "ఇది ఈదడం," అంది. "ఆ మూల కొంచెం మురిగ్గా ఉంది కానీ."

ఆ మురికి అలాగే ఉంటుంది. నీళ్ళు నెమ్మదించిన చోట మట్టి పడక మానదు. దానికి జయకర్ కనిపెట్టిన యంత్రం ఏమీ లేదు. ప్రతి శనివారం వెళ్ళి, సన్నటి గొట్టం పెట్టి, చేపలు పక్కకి తప్పుకునే దాకా ఆగి, ఆ మూలని చేత్తో శుభ్రం చేస్తాడు. ఇరవై నిమిషాల పని.

ఊళ్ళోని యూనివర్సిటీలో పాఠాలు చెప్పే కృష్ణకాంత్ అనే ఆయన ఇది విని షాపుకి వచ్చాడు. పిల్లలకి ఒక గంట మాట్లాడమన్నాడు.

"తోటల్లో తరతరాలుగా వచ్చిన నీటి జ్ఞానం సముద్రపు తొట్టిని కాపాడింది. ఎంత గొప్ప విషయమండీ!"

"ఆ జ్ఞానమే సార్, ఎనిమోన్‌ని పంపులో వేసింది," అన్నాడు జయకర్, మోటారుకి తీగ చుట్టడం ఆపకుండా. "కాపాడింది మా ఆవిడ దారం. కావాలంటే ఆవిణ్ణి పిలవండి. గంటకి నాలుగు జాకెట్ల కూలి అడుగుద్ది."

కృష్ణకాంత్ మళ్ళీ రాలేదు. ఇలాంటి జవాబుకి ఉపన్యాసంలో చోటు ఉండదు.

పూజిత ఇంకో ఎనిమోన్ కొనలేదు. చేపలు మూలలో ఉన్న ఒక మెత్తటి పగడంలో దూరడం మొదలుపెట్టాయి, వాటికి అది చాలినట్టే ఉంది. పోయిన ఎనిమోన్ ఖరీదు ఆరువేల ఐదువందలు. పెద్ద పంపు పెట్టమన్నది తామే కాబట్టి ఆ మాట మర్చిపొమ్మని పూజిత అంది. బిగించింది తను కాబట్టి మర్చిపోనని జయకర్ అన్నాడు. శనివారం పనికి వారానికి రెండువందల చొప్పున అందులో జమ వేసుకోమన్నాడు. ఇప్పటికి ఇరవై నాలుగు శనివారాలు అయ్యాయి. ఇంకా పదిహేడువందల బాకీ ఉంది.