శశికళ పేపరులో నాన్నలు

అమెరికాలో, సన్నీవేల్‌లో శశికళ వారమంతా ఓ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో బోర్డుల మీద చిప్పులు అతికించేది, శనివారం పొద్దున కాలేజీకెళ్లి సాహిత్యం చదువుకునేది. ఎనభైనాలుగులో ఆ క్లాసుకి ఆమె రాయాల్సిన పేపరు ఫిలిప్పీన్స్ కథల్లో మగవాళ్ల గురించి. కంపెనీలో ఆమె పక్కన కూర్చునే లూర్డెస్‌ది మనీలా. లంచ్ టైంలో వాళ్ల టగలాగ్ భాషలోని కథలు ఇంగ్లీషులో చెప్పేది.

ఆ కథల నిండా తండ్రులే. అక్కడ నాన్నంటే ఇంటికి స్తంభమట. పందెంకోడికి తన చేత్తో నీళ్లు పోసి, గింజలు ఏరి పెట్టే స్తంభం, కూతురికి జ్వరమొస్తే గదిలోకి తొంగి చూడదు. అయినా పిల్లలు, మనం కాళ్లకి దణ్ణం పెట్టినట్టు, ఆయన చేయి అందుకుని నుదుటికి ఆనించుకోవాల్సిందే. వింటుంటే శశికళకి ఒళ్లు మండిపోయేది. భీమవరంలో వాళ్ల నాన్నని ఎవరో పక్కింట్లోంచి చూసి రాసినట్టే ఉంది మరి! పధ్నాలుగు పేజీలు కసితీరా రాసింది.

ఆఫీసులో మంచి మెషీనుందని, టైపు చేసే పని భర్త జగదీష్ తీసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం కవరు చేతికిచ్చాడు.

"ఇంగ్లీష్ కాస్త కరెక్ట్ చేశాలే," అన్నాడు.

మర్నాడు క్లాసులో నిలబడి చదువుతుంటే మూడో పేజీలో ఆగిపోయింది. 'కూతురికన్నా కోడే ఎక్కువైన మనిషి' అని తను రాసిన చోట 'పైకి చెప్పకపోయినా కూతురంటే ప్రాణం' అని ఉంది. తిప్పి చూస్తే తర్వాతి పేజీలూ అదే వరస. ఏ తండ్రి మీదా ఈగ వాలనివ్వలేదు మహానుభావుడు! ఆ కథల్లో ఒక్కటైనా చదివాడా? ఆమెనొక మాట అడిగాడా? ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

"ఏమైంది?" అంది టీచరు.

"ఇది నేను రాసింది కాదు," అని శశికళ తన వాక్యం నోటికి చెప్పింది. ఆ తర్వాతదీ అంతే. చివరి పేజీ దాకా, మార్చిన ప్రతి చోటా, ముందు తనది, వెనక ఆయనది.

"మరి ఇవన్నీ మార్చిందెవరు?"

పెళ్లయి ఎనిమిదేళ్లు. ఎదురుగా ఉంటే 'ఏమండీ', లేకపోతే 'మావారు'. కవర్ల మీద రాయడమే గాని, ఆ పేరు ఆమె ఎప్పుడూ నోటితో పలికి ఎరగదు.

"జగదీష్," అంది శశికళ, వెనక వరసకి కూడా వినపడేలా.