మావయ్య నీళ్లు పోసిన నూతాకు

నిన్న సాయంత్రం పక్కవాటాలో ఉండే అమ్మాయి ఫెర్న్ కుండీని రెండు చేతులతో పట్టుకుని కంగారుగా మా గుమ్మంలోకి వచ్చింది. "ఆంటీ, ఆకుల అడుగునంతా పురుగు గుడ్లు పెట్టీసింది, మందు కొట్టీమంటారా?" అంది. చూస్తే పురుగూ లేదు, గుడ్లూ లేవు. ఆకు వెనక బారులు తీరిన గోధుమరంగు చుక్కలు. పువ్వూ కాయా లేని ఆ మొక్కకు ఆ చుక్కల్లోని పొడే విత్తనమని చెప్పి, మందు డబ్బా లోపల పెట్టించి పంపాను. ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా మేనత్త చెప్పింది. ఆమె తలపుకు వచ్చాక పొయ్యి మీద కూర ఏమైందో నేను చూసుకోలేదు. పలాసలో మా వీధి వీధంతా ఆ మాడు వాసన పీల్చింది.

మేనత్తది వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రపు హోరు వినపడే ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, వెనక జీడితోట, పెరట్లో రాతి నుయ్యి. ఆ నూతి లోపలి గోడకు, రాళ్ల సందుల్లోంచి, ఎండంటే ఏమిటో తెలియని ఫెర్న్ మొక్కలు పచ్చగా వేలాడేవి. పేరు తెలియక అత్త వాటిని నూతాకు అనేది. ఆ చుట్టుపక్కలున్న మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీల జబ్బు ఇంటింటి తలుపూ తట్టి, నీళ్లలోనే ఏదో ఉందేమోనన్న అనుమానం పుట్టాక, చాలామంది నూతి నీళ్లు మానేశారు. అత్త వాళ్ల నుయ్యి పూడ్చడానికి ట్రాక్టరుతో మట్టి వచ్చిన రోజున ఆమె దానికి అడ్డంగా నిలబడింది. నూతి పనులు చేసే పెద్దాయన్ని తాడు కట్టి దింపించి, పైనుంచి తొంగి చూస్తూ, "మొక్కల ఏళ్లు తెగనీకు నాయనా, మట్టితో సహా తియ్యి" అని గంటసేపు కేకలు వేసింది. ట్రాక్టరాయన బీడీ మీద బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు.

నూతిలో ఉండే మొక్కను ఇంట్లో బతికించడం మాటలు కాదు. ఉప్పుగాలి తగిలితే ఆకు అంచులు మాడిపోతాయి. ఉద్దానం ఇసుకలో నీరు నిలవదు. అత్త ఆకుమట్టిలో కొబ్బరి పీచు కలిపి కుండీల్లోకి ఎత్తింది. వాటిని ఉత్తరపు వసారాలో తడి ఇసుక పోసిన పళ్లేల మీద పెట్టి, సముద్రం వైపు తడిపిన గోనెపట్టా వేలాడదీసింది. మావయ్య కొబ్బరికాయల లారీ డ్రైవరు. నెలలో చాలా రోజులు ఏ దూరదేశపు రోడ్ల మీదో ఉండేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ వసారా చూసి, "పువ్వు లేదు, కాయ లేదు. గడ్డికి ఇన్ని సేవలేటే?" అనేవాడు. "నువ్వు నెల్లో నాలుగు రోజులుంతావు మావా. ఇయ్యి రోజూ ఉంతాయి" అనేది అత్త.

తర్వాత మావయ్యకే కిడ్నీలు పోయాయి. లారీ దిగిపోయాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్, రోజుకు ఒక చిన్న సీసాడు నీళ్లు, అంతే. నేను టెక్కలిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వాళ్లింటికి వెళ్తుండేదాన్ని. అలా వెళ్లిన ఒక ఆదివారం చూస్తే వసారా బోసిగా ఉంది. అత్త నన్ను వంటింట్లోకి లాగి, "గుక్కెడు నీళ్లకి మొకం వాసిపోయి కూకుంతన్నాడే. ఆయనెదుట మొక్కలకి సెంబుల్తో ఎలా పొయ్యనే? సర్చికి ఇచ్చీసినాను" అంది గుసగుసగా. ఒంట్లో కాస్త నెమ్మదించి, ఇన్నాళ్లకు తనూ చర్చికి వస్తానని మావయ్య ఆ రోజే బయలుదేరతాడని పాపం ఆమె అనుకోలేదు. ప్రార్థన ముగిసి బయటికి వస్తూ ఆయన చర్చి వరండాలో కుండీల ముందు ఆగిపోయాడు.

"ఇయ్యి మన నూతాకు కదేటి?"

అత్త చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగింది.

"నీళ్లు నాకొద్దన్నాడు డాట్రు. ఈటికి కూడా వద్దన్నాడేటి?" అన్నాడు మావయ్య. ఆయనకు విషయం అర్థమైపోయింది. "నాను తాగకపోతే పోయె, తాగీవోల్లని సూడనీ."

కుండీలన్నీ ఆటోలో ఇంటికి వచ్చాయి. ముందు సీట్లో డ్రైవరు పక్కన మావయ్య, వెనక మొక్కల మధ్య ఇరుక్కుని నేనూ అత్తా. ఆ రోజు నుంచి నీళ్లు పోసే పని ఆయనదైంది. పీట వేసుకుని కూర్చుని, చెంబుతో సన్నగా ధార పోసి, నీరు మట్టిలోకి దిగడం చూసేవాడు. అది దిగుతుంటే ఆయన గొంతుక కూడా కదిలేది. ఒకసారి పోసి, ఇంకోసారి పోసి, దాటుకు వెళ్లబోయి వెనక్కి వచ్చి మళ్లీ పోసేవాడు. నెల తిరక్కుండా అన్నిటికన్నా పెద్ద మొక్క పసుపుబారి వాలిపోయింది. అత్త దాన్ని పెల్లగించింది. వేళ్లు నల్లగా కుళ్లి వాసన కొడుతున్నాయి.

"సూడు మావా. ఇది దాని దాహం కాదు, నీది. నీ దాహమంతా దీనికి పోసీసినావు."

అనేశాక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మావయ్య ఆ వేళ్లను ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే విడదీసి చూశాడు. చివరికి, "అయితే దీనికీ కొలతుందన్నమాట" అన్నాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుని పక్క కుండీలో వేలు గుచ్చించింది. "తడి తగిల్తే ఆగు. పొడిగుంతేనే పొయ్యి." కుళ్లకుండా మిగిలిన వేలెడు ముక్కను ఆయనే పీచులో చుట్టి నాటుకున్నాడు.

రెండు మూడు నెలల తర్వాత మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "అమ్మా, లేసిందే! లేసింది!" అని మావయ్య అరుస్తున్నాడు. అత్త కళ్లు తిరిగి పడిపోయి లేచిందేమోనని నేను అప్పుడే బ్యాగు అందుకున్నాను. తీరా చూస్తే లేచింది చిగురు, పసిపిల్ల పిడికిలిలా ముడుచుకుని.

మావయ్య ఆ తర్వాత ఐదేళ్లు ఉన్నాడు. తనతో పాటు డయాలసిస్‌కు వచ్చేవాళ్లకు కాయ తీసేసిన కొబ్బరి డొక్కల్లో పిలకలు పెట్టి పంచాడు, వేలు పెట్టి చూడటం కూడా నేర్పాడు. ఆయన పోయి ఇప్పటికి మూడేళ్లు. ఆ ఐదేళ్లను మేమంతా జబ్బు రోజులంటాం. అత్త మాత్రం ఎప్పుడూ ఆ మాట అనదు. "మీ మావయ్య ఇంటికాడున్న రోజులు" అంటుంది. ఏ కాలానికి ఏ పేరు పెట్టాలో, దాన్ని పక్కన కూర్చుని గడిపినవాళ్లకే తెలుస్తుంది కాబోలు.