తమ్మీ, చెప్పులు!

ఆ రోజు ఉదయం ఆమె ఎప్పటిలాగే లేచింది. గేటు పక్కన మట్టి తొట్టిలోని పాత నీళ్ళు పారబోసి కొత్తవి నింపింది. మా నల్లకుక్క పడుకునే మూల గోనెసంచి తడిపి పరిచింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఛాతీలో మంటగా ఉందని నడుం వాల్చింది. ఆసుపత్రికి తీసుకెళుతుంటే ఆటోలో ఆమె నాతో అన్నది ఒక్క మాటే: "తొట్టి ఎండల ఉన్నది. నీడకు జరుపుండ్రి." చీకటి పడకముందే నా భార్య పోయింది. గుండె అన్నారు.

ఇవాళ పెద్దకర్మ. భోజనానికి వచ్చిన మా సూర్యాపేట వీధి వాళ్ళంతా ఒకటే పాట. మూగజీవాలంటే ప్రాణమిచ్చేదట. ఆమె ప్రాణమేమీ ఇవ్వలేదు. నీళ్ళిచ్చింది. ఇలా పొగుడుతున్న వాళ్ళనే నోటికొచ్చినట్టు తిట్టింది. కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో దిగే ప్రేమ ఆమెకు గిట్టదు. "ఫోటో దిగినంక నీళ్ళు వోసిన్రా?" అని అడిగేది.

మా పక్కింటాయనకు మిర్యాలగూడలో బియ్యం మిల్లుంది. హోదా కోసం మంచుదేశపు కుక్కను కొనుక్కొచ్చాడు. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. దాన్ని మేడ మీద, రేకు కింద, గొలుసుతో కట్టేశాడు. దారిన పోయేవాళ్ళకు కనబడాలి కదా. ఎండలు ముదిరాక ఆయనకు దయ పుట్టింది. మనిషిని పిలిపించి దానికి నున్నగా గుండు కొట్టించాడు.

"పిల్లలకు ఎండకాలం గుండు కొట్టియ్యమా అక్కా? సల్లగుంటది" అన్నాడు గర్వంగా.

"పిల్లలకు టోపీ పెడ్తవు. దీనికున్న గొడుగే పీకిస్తివి గద తమ్మీ! తోలు కాలదా? ఇంతకూ మొక్కు నీదా, దానిదా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయనతోపాటే మేడ ఎక్కింది.

"జర చెప్పులిడ్సి నిలవడు."

నిలబడ్డాడు. మరుక్షణం కోతిలా ఎగిరాడు. "అమ్మో, కాలుతున్నదక్కా!"

"మరి దానికి చెప్పులున్నయా?"

అప్పటి నుంచి రోజూ ఎండ ఎక్కకముందే ఆమె గేటు దగ్గర నిలబడి "తమ్మీ, చెప్పులు!" అని కేక వేసేది. ఆయన గొణుక్కుంటూ కుక్కను కిందికి దించేవాడు. జాలితో కాదు. వీధి వింటుందని.

కోదాడలో ఆమె చెల్లెలింటికి వెళుతూ ఒకసారి మునగాల దగ్గర హోటల్లో భోజనానికి ఆగాం. బయట ఎండలో ఒక కారు. లోపల చిన్న కుక్క నాలుక వేలాడేసి రొప్పుతోంది. దాని వాళ్ళు ఏసీ గదిలో బిర్యానీ తింటున్నారు.

"అద్దం కొంచెం దించే వచ్చాం కదండీ" అన్నాడు ఆ కుటుంబ పెద్ద.

"అట్లనా? అయితె మీరు అండ్ల కూసోని తినుండ్రి. దాన్ని గీడ కూసోవెడ్త."

కుక్కను దింపించి, ఐసు నీళ్ళు తెస్తానన్న హోటలు కుర్రాణ్ణి ఆపి, మామూలు నీళ్ళతోనే దాని కాళ్ళూ పొట్టా తడిపింది. దారిలో పశువుల డాక్టరుకు చూపించమని చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "మీ ఆవిడకు కాస్త చెప్పండి సార్" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ పూట నాకు అన్నం చాలా రుచిగా అనిపించింది.

ఇవాళ పక్కింటాయన రెండోసారి పాయసం వేయించుకుని, చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్క లేని లోటు తీరేది కాదు సార్."

"మీ కుక్క ఎక్కడ?" అన్నాను.

"పైన్నే ఉన్నది సార్. కిందికి తెస్తె కొత్త టైల్సు ఖరాబైతున్నయి."

ఆమె పోయిన రోజు నుంచీ దాన్ని దించలేదన్నమాట. ఆయనకు మిగిలింది లోటు కాదు. కేక పీడ విరగడైంది, అంతే.

అందరూ వెళ్ళాక మా మేడ ఎక్కి, పిట్టగోడ మీదుగా గిన్నెతో నీళ్ళు అందించాను. అరికాళ్ళు నాకుకుంటున్న ఆ కుక్క లేచి వచ్చి, తల ఎత్తకుండా తాగింది. గిన్నె ఖాళీ అయినా అడుగు నాకుతూనే ఉంది.

నేను గొంతెత్తి మాట్లాడే మనిషిని కాను. వీధిలో అరవడం ఆమె పని. పక్కింటాయనను నేనెప్పుడూ వరస కలిపి పిలవలేదు కూడా. రేపు ఉదయం నీడలో ఉన్న తొట్టిలో నీళ్ళు మార్చి, స్లాబు కాగకముందే ఆయన గేటు ముందు నిలబడి, వీధి చివరి దాకా వినపడేలా "తమ్మీ, చెప్పులు!" అని కేక వేస్తాను.